నర్సుల షేర్డ్ గవర్నెన్స్ కౌన్సిల్: 120 పడకల ఆసుపత్రిలో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: భీమవరం క్వాలిటీ

అందరికీ నమస్కారమండి. పశ్చిమ గోదావరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. 120 పడకలు, అందులో ఐసీయూ 14. స్టాఫ్ నర్సులు 70 మంది, ఇన్‌ఛార్జి సిస్టర్లు అయిదుగురు, ఒక నర్సింగ్ సూపరింటెండెంట్. డ్యూటీలు పొద్దున్న 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, నైట్ 8 నుంచి 8.

ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) కోసం కమిటీలన్నీ ఉన్నాయి: ఇన్ఫెక్షన్ కంట్రోల్, మందుల కమిటీ, సేఫ్టీ కమిటీ. అన్నింట్లోనూ నర్సింగ్ తరఫున సూపరింటెండెంట్ ఒక్కరే కూర్చుంటారు. రాత్రి రెండు గంటలకి సెలైన్ మార్చే అమ్మాయికి అక్కడ ఏం తేలిందో తెలియదు, ఆ అమ్మాయికి తెలిసింది అక్కడికి చేరదు. రెండేళ్ల అనుభవం రాగానే చాలామంది గల్ఫ్‌కో, జర్మనీకో పరీక్షలు రాసుకుని వెళ్లిపోతున్నారు.

వార్డు నర్సులే నడిపే కౌన్సిల్, అదే షేర్డ్ గవర్నెన్స్ అంటారు, పెడదామని మేనేజ్‌మెంటు సగం ఒప్పుకుంది. అడగాల్సినవి నాలుగు. ఎంతమందితో, ఎలా ఎన్నుకోవాలి? మూడు షిఫ్టులవాళ్లు ఒకేసారి ఎలా కూర్చుంటారు? మొదట ఏ సమస్య పట్టుకోవాలి? "ఇది యూనియన్‌కి దొడ్డిదారి" అనే భయానికి ఏం చెప్పాలి? పుస్తకంలో మాట కాకుండా చేతికి పనికొచ్చేది చెప్పండి.

జవాబు: గట్టు మీద సిస్టర్

కమిటీ వేరు, కౌన్సిల్ వేరండి, ముందు ఆ తేడా పట్టుకోవాలి. కమిటీ సలహా చెప్తుంది. పైవాళ్లు వింటే విన్నట్టు, లేకపోతే మినిట్స్ ఫైల్లో పడుకుంటాయి. కౌన్సిల్‌కి కొన్ని విషయాల్లో ఆఖరి మాట తనదే. ఆ "కొన్ని" ఏవో కాగితం మీద రాసి ఎండీ సంతకం పెట్టకపోతే మీరు పెట్టేది ఇంకో కమిటీయే, బోర్డు మాత్రమే మారుతుంది.

ఆ కాగితం రెండు పేజీలు దాటక్కర్లేదు. మూడు గళ్లు గీయండి.

మొదటి గడి, కౌన్సిల్ తేల్చేస్తే అమలైపోయేవి: ఓవర్ (డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి రోగుల సంగతి అప్పజెప్పడం) ఇచ్చే పద్ధతి, దాని ఫారం, డ్రెస్సింగ్ ట్రేలో ఏముండాలి, ట్రాలీ ఎక్కడ నిలబడాలి, డిశ్చార్జి రోజు రోగికి ఏం చెప్పాలి, పండగ సెలవుల నియమం, కొత్తగా చేరినవాళ్లని ఎవరికి అప్పజెప్పాలి.

రెండో గడి, కౌన్సిల్ అడిగితే మేనేజ్‌మెంటు 10 పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాల్సినవి: కొనుగోళ్లు, పరికరాలు, సిబ్బంది సంఖ్య. ఒప్పుకోకపోతే కారణం రాయాలి. "చూద్దాం" అన్నది జవాబు కింద లెక్క కాదు, ఆ మాట కూడా కాగితంలో రాసేయండి.

మూడో గడి, కౌన్సిల్ ముట్టుకోనివి: డాక్టరు రాసిన మందు, ఒక మనిషి మీద ఫిర్యాదు, క్రమశిక్షణ చర్య. ఇవి లోపలికొచ్చిన రోజు కౌన్సిల్ పంచాయితీ అయిపోతుంది.

ఈ పద్ధతిని 1980ల్లో అమెరికాలో టిమ్ పోర్టర్ ఓగ్రేడీ లాంటివాళ్లు ప్రచారంలోకి తెచ్చారు. ఆ రోజుల్లోనే, 1983లో, అక్కడి అకాడమీ ఆఫ్ నర్సింగ్ 163 ఆసుపత్రులు పరిశీలించి, దేశమంతా నర్సుల కొరత ఉన్న రోజుల్లో కూడా నర్సులు వదిలిపోకుండా ఉన్నవి 41 అని తేల్చింది. అయస్కాంతంలా పట్టి ఉంచుతున్నాయని వాటికి "మాగ్నెట్" అని పేరొచ్చింది. వాటిలో కనిపించిన గుణాల్లో ఒకటి, నిర్ణయాల్లో నర్సులకి చోటుండడం. మీ మేనేజ్‌మెంటుకి ఇది పనికొచ్చే మాట, ఎందుకంటే వాళ్ల బాధ కూడా మనుషులు నిలవకపోవడమే. కానీ అక్కడి నమూనాలో ప్రాక్టీస్‌కి ఒకటి, క్వాలిటీకి ఒకటి, చదువుకి ఒకటి, వీటన్నిటినీ కలిపేది ఇంకొకటి అని నాలుగైదు కౌన్సిళ్లుంటాయి. 70 మందికి అది తలకు మించిన తలపాగా. ఒక్కటి పెట్టండి, ఏడాది నడిచాక చూసుకోవచ్చు.

తొమ్మిది మంది చాలు. ఐసీయూ ఇద్దరు, మెడికల్ వార్డులు ఇద్దరు, సర్జికల్, క్యాజువాలిటీ, ఆపరేషన్ థియేటర్, ప్రసూతి, డయాలసిస్ నుంచి ఒక్కొక్కరు. అయిదుగురుంటే కోరం, ఆ అయిదుగురూ కనీసం మూడు విభాగాలవాళ్లై ఉండాలి. పదవీకాలం ఏడాది. తొలిసారి మాత్రం చీటీ వేసి నలుగురికి ఆరు నెలలే పెట్టండి, అప్పుడు ఎప్పుడూ సగం మంది పాతవాళ్లు మిగులుతారు. అందరూ ఒకేసారి దిగిపోతే కొత్తవాళ్లు మళ్లీ అఆల నుంచి మొదలెడతారు. ఉపాధ్యక్షురాలు తప్పనిసరి. అధ్యక్షురాలికి వీసా వచ్చిందని తెలిసిన రోజు వెతుక్కుంటే దొరకరు.

అధ్యక్షురాలు స్టాఫ్ నర్సే కావాలి. మొదటి ఏడాది ఇన్‌ఛార్జి సిస్టర్లు పోటీ చేయకూడదు. సూపరింటెండెంట్ మేడమ్ ఆఖరి పదిహేను నిమిషాలు వచ్చి విని, కావాల్సింది అడిగి వెళ్లాలి. మొదటి నిమిషం నుంచీ ఆవిడ కూర్చుంటే ఆవిడ మొహం చూసి మాట్లాడతారు. ఇందులో ఆవిడ తప్పేం లేదు, మన అలవాటు అలాంటిది.

ఇక టైము. జీతం లేని గంటలో కౌన్సిల్ పెడితే మూడో నెలకి ముగ్గురు మిగులుతారు. లెక్క చూడండి: తొమ్మిది మందికి నెలకి ఒక గంట, అంటే 9 గంటలు. అజెండా తయారీకి, తిరిగి కనుక్కోవడానికి అధ్యక్షురాలికి 4, రాసేవాళ్లకి 3. మొత్తం 16 గంటలు. ఆరు గంటల డ్యూటీలు మూడు కూడా నిండవు. ఇంత ఇవ్వలేని మేనేజ్‌మెంటుకి కౌన్సిల్ మీద ఇష్టం లేదని అర్థం.

నెలలో రెండో బుధవారం 2:45 నుంచి 3:45 బాగుంటుంది. 2 గంటలకి ఓవర్ మొదలై 2:30కి అయిపోతుంది. మార్నింగ్ డ్యూటీ సభ్యులు ఉండిపోయిన టైమంతా కాంప్ ఆఫ్‌లో (బదులు సెలవులో) జమ చేయాలి. ఈవెనింగ్ సభ్యుల పడకలు ఆ గంట ఇన్‌ఛార్జి సిస్టర్ చూడాలి. ఎవరి పడకలు ఎవరికి అన్నది పేరుతో రాయకపోతే ఆ అమ్మాయి సగంలో లేచి పరుగెత్తాల్సి వస్తుంది. నైట్ దిగినవాళ్లని మాత్రం ఆపొద్దు. పన్నెండు గంటలు నిలబడ్డ మనిషిని మీటింగులో కూర్చోబెడితే సంతకం పెడుతుంది, ఆలోచన పెట్టదు. డ్యూటీ చార్టు వేసేటప్పుడే ఆ బుధవారం ముందు రాత్రి తొమ్మిది మందిలో ఎవరికీ నైట్ పడకుండా చూడండి. చార్టులో ఆ గంటకి ఒక గుర్తు ఉండాలి. చార్టులో లేనిది ఆసుపత్రిలో జరగదు.

అజెండాలో మూడు అంశాలకి మించొద్దు. మినిట్స్ కథలా రాయొద్దు. ఏం చేయాలి, ఎవరు, ఏ తేదీకి, అయిందా లేదా, అంతే. మర్నాడు పొద్దున్నకి ప్రతి నర్సింగ్ స్టేషన్ గోడ మీదా ఉండాలి.

జవాబు: నైట్ డ్యూటీ నాలుగో వార్డు

పై సిస్టర్ చెప్పినదానికి చిన్న సవరణ. పంటు మీద రేవు దాటి వచ్చే అమ్మాయిలుంటారు కదండీ, సఖినేటిపల్లి వైపు నుంచి నరసాపురం వచ్చేవాళ్లలాగ. వాళ్లకి మీటింగు 3:45 కి అవుతుందా 4:30 కి అవుతుందా అన్నది పెద్ద విషయం. గంట అంటే గంటే. గోడ గడియారం చూసి ఆపే పని ఒకరికి అప్పజెప్పండి, అది అధ్యక్షురాలికి కాకుండా.

జవాబు: కాకినాడ ట్యూటర్

మొదట ఏ సమస్య అన్నదానికి: కనిపించేది, కొలవగలిగేది, మూడు నెలల్లో తేడా వచ్చేది, డాక్టరు సంతకం లేకుండా నర్సు చేతిలోనే ఉన్నది పట్టుకోండి. అన్నీ కలిసేది క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) వాపు, అదే ఫ్లెబైటిస్. "కమ్యూనికేషన్ మెరుగుపరుద్దాం" లాంటివాటి జోలికి మొదటి ఏడాది వెళ్లొద్దు. ఏం చేశారో, ఎంత తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

కొలత ఇలా. పది రోజులు, రోజూ పొద్దున్న 10 గంటలకి, ఇద్దరు నర్సులు రెండు వార్డుల్లో ఉన్న ప్రతి క్యాన్యులానీ చూడాలి. వీఐపీ స్కోరు (క్యాన్యులా వాపుని కంటితో చూసి వేసే అంకె) 0 నుంచి 5 వరకు. ఏమీ లేకపోతే 0. కొద్దిపాటి నొప్పి గానీ, సూది దగ్గర కాస్త ఎరుపు గానీ ఉంటే 1, కనిపెట్టి ఉండాలి. నొప్పి, ఎరుపు, వాపు మూడింట్లో రెండుంటే 2, తీసేసి వేరే చోట వేయాలి. నరం తాడులా చేతికి తగిలేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. 40 క్యాన్యులాలు చూసి 8 చోట్ల స్కోరు 2, ఆపైన వచ్చిందనుకోండి, 20 శాతం. అది మీ మొదలు అంకె. ఎవరు వేసిన క్యాన్యులా అన్నది ఆ కాగితంలో రాయనే రాయొద్దు. పేరు గడి పెట్టిన రోజునుంచి అన్ని స్కోర్లూ సున్నాలే వస్తాయి.

చూస్తున్నప్పుడే కారణం గడిలో టిక్కులు పెట్టండి. మన వార్డుల్లో మామూలుగా దొరికేవి ఇవి. మణికట్టు, మోచేతి మడత దగ్గర వేయడం. వంగినప్పుడల్లా గొట్టం నరం గోడకి రాసుకుంటుంది. 22 గేజి సరిపోయే చోట 18, అంటే ఇంకా లావు గొట్టం, వేయడం. స్పిరిట్ రాసి అది ఆరకముందే పొడవడం, 30 సెకన్లు ఆగాలి. యాంటీబయాటిక్ సరిగ్గా పల్చన చేయకుండా అర నిమిషంలో తోసేయడం. ముందు, తర్వాత సెలైన్ ఫ్లష్ ఇవ్వకపోవడం. మన దగ్గర ఇంకోటుంది, ఉక్క. ఏప్రిల్, మే నెలల్లో చెమటకి మైక్రోపోర్ ప్లాస్టరు అంచులు లేచిపోయి క్యాన్యులా లోపల ఆడుతూ ఉంటుంది. ప్లాస్టరు మీద ప్లాస్టరు వేస్తారు, కింద ఎరుపు కనబడదు. నాలుగు పొరల ప్లాస్టరు కనబడితే లోపల స్కోరు చూడకుండానే చెప్పేయొచ్చు.

వీటిలో ఒక్కటి ఎంచుకుని మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు, ఏది కొనసాగించాలో తెలియదు. ఒక వార్డు, ఒక మార్పు, రెండు వారాలు. ఫలితం ఉంటే రెండో వార్డు. పారదర్శక డ్రెస్సింగు కావాలనుకుంటే అది రెండో గడి సంగతి, కొనాలి. స్టోర్సుకి "మంచిది" అని రాయొద్దు. మళ్లీ క్యాన్యులా వేయడానికి అయ్యే సామాను ఖర్చు, నర్సుకి పట్టే పావుగంట, నెలకి ఎన్నిసార్లు, అది ఒకవైపు; డ్రెస్సింగు ధర మరోవైపు. అంకె ముందు స్టోర్సు మేనేజరు మెత్తబడతాడు.

రెండు హెచ్చరికలు. గ్రాఫులో మూడు చుక్కలు చూసి తగ్గిపోయిందని చప్పట్లు కొట్టొద్దు. వారానికొకటి చొప్పున పది, పన్నెండు చుక్కలు పడనివ్వండి. రెండోది ఇంకా ముఖ్యం: కౌన్సిల్ పెట్టిన మొదటి రెండు మూడు నెలల్లో అంకెలు పెరుగుతాయి. క్యాన్యులా వాపులు, పడిపోవడాలు, మందు పొరపాట్లు అన్నీ పెరిగినట్టు కనబడతాయి. పెరిగింది రాయడం, జరగడం కాదు. ఈ మాట ఎండీకి ముందే చెప్పి మినిట్స్‌లో ఎక్కించండి. చెప్పకపోతే నాలుగో నెలలో "మీరొచ్చాకే ఇవన్నీ" అంటారు, కౌన్సిల్ అక్కడితో సరి.

భీమవరం క్వాలిటీ

చాలా థ్యాంక్సండి. క్యాన్యులా ఖాయం చేసుకున్నాం. ఇంకో రెండు. ఒకటి, పండగ సెలవులు. సంక్రాంతికి ప్రతి ఏడాదీ గొడవే, కౌన్సిల్‌కి అది ఇస్తే మొదట్లోనే చీలిపోతుందేమో అని భయం. రెండు, "మా ఆర్డర్ల మీద నర్సులు ఓటింగు పెడతారా" అని ఒక సీనియర్ డాక్టరుగారు అప్పుడే అన్నారు.

జవాబు: దాళ్వా

సంక్రాంతి ఇవ్వాలండి, అదే మొదట ఇవ్వాలి. గోదావరి జిల్లాల్లో భోగి నాడు ఇంటికి వెళ్లనివ్వని నియమాన్ని పైనుంచి ఎవరు రాసినా శత్రువే. తోటివాళ్లు రాస్తే కనీసం కారణం తెలుస్తుంది.

చేసే పద్ధతి: ముందు సెలవుల గురించి కాదు, కనీస అవసరం గురించి మాట్లాడండి. ఆ మూడు రోజులూ వాయిదా వేయగల ఆపరేషన్లు ఉండవు కాబట్టి, మూడు షిఫ్టులకీ కలిపి రోజుకి 44 మంది కావాలని తేలిందనుకుందాం. 70లో 26 మందికి ఖాళీ. మూడు రోజులకి 78 ఖాళీలు. అంటే ప్రతి ఒక్కరికీ ఖాయంగా ఒక రోజు ఇచ్చినా ఇంకా 8 మిగులుతాయి. ఆ 8 క్రితం ఏడాది మూడు రోజులూ డ్యూటీ చేసినవాళ్లకి ముందు, తర్వాత చీటీ. ఎవరికి ఏ రోజు కావాలో డిసెంబరు 10 లోపు వాళ్లే రాసుకోవాలి, ఒక రోజుకి 26 దాటితే చీటీ. డిసెంబరు 20కి చార్టు గోడెక్కాలి. మార్చుకోవడాలు ఇద్దరి సంతకంతో, ఒకే విభాగంలో మాత్రమే. ఐసీయూ అమ్మాయికి బదులు ప్రసూతి వార్డు అమ్మాయి వస్తే అంకె సరిపోతుంది, పని సరిపోదు.

44 ని అన్ని చోట్లా సమానంగా కోయొద్దు. కనుమ దాకా క్యాజువాలిటీకి కోడికత్తి గాయాలు, తాగి బండి మీంచి పడినవాళ్లు వస్తూనే ఉంటారు. అక్కడ ఈవెనింగ్, నైట్ మామూలుకంటే ఒకరు ఎక్కువుండాలి. వార్డుల్లో తగ్గించుకోవాలి.

ఇదే పద్ధతిలో వరద చార్టు కూడా కౌన్సిల్ చేతే రాయించండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. లంకల్లోంచి, అవతలి ఒడ్డునుంచి వచ్చే నర్సుల పేర్లు ముందే రాసి పెట్టుకోవాలి. మొదటి హెచ్చరిక రాగానే వాళ్లలో ఎవరు ఆసుపత్రి హాస్టల్లో ఉండిపోతారు, పసిపిల్లలున్న ఎవరికి సెలవు, వాళ్ల బదులు ఊళ్లో ఉన్న ఎవరు. రెండో హెచ్చరికకి డ్యూటీలు పన్నెండేసి గంటలు. పడవలు, పంట్లు ఆగిపోయాక ఫోన్లు చేసుకుంటే లాభం లేదు. జూలై మొదటి వారంలో ఆ జాబితా ఒకసారి సరిచూడాలి. పెళ్లిళ్లవుతాయి, ఇళ్లు మారతారు, పాత జాబితా పనికిరాదు.

జవాబు: క్యాజువాలిటీ ట్రే

డాక్టరుగారి మాటకి జవాబు మాటల్లో వద్దు, ఒక ట్రేతో చెప్పండి. పాముకాటు ట్రే.

సార్వా (వానాకాలం వరి) నాట్లప్పుడూ, కోతలప్పుడూ కేసులు వరసగా వస్తాయి. రక్తపింజరి అయితే రక్తం గడ్డకట్టదు, కట్లపాము, తాచు అయితే కనురెప్పలు వాలి ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఇవ్వాలా, ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు), మళ్లీ ఇవ్వాలా, అదంతా డాక్టరు మాట, దాని మీద ఎవరూ ఓటు వేయరు. కానీ డాక్టరు ఆ మాట చెప్పేది నర్సు చేసిన ఒక పరీక్ష చూసి. 20 నిమిషాల గడ్డ పరీక్ష. అది తప్పితే ఆర్డరూ తప్పుతుంది.

పరీక్ష చూడ్డానికి చిన్నపనే. 2 మిల్లీలీటర్ల రక్తం తాజాగా తీసి, కొత్త, పొడి, శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. కారిపోతే గడ్డకట్టనట్టు. తప్పు జరిగేది ఇక్కడ: గాజు గొట్టం దొరక్క ప్లాస్టిక్‌ది వాడతారు, లేకపోతే వాడిన గాజు గొట్టాన్ని సబ్బు పౌడరుతో కడిగి మళ్లీ పెడతారు. గడ్డకట్టడం మొదలయ్యేది రక్తం గాజుకి తగలడం వల్ల. ప్లాస్టిక్‌కి ఆ గుణం లేదు, సబ్బు పొర ఆ గుణాన్ని చంపేస్తుంది. దాంతో మామూలు రక్తం కూడా గడ్డకట్టనట్టు కనబడి, అక్కర్లేని యాంటీవీనమ్ ఎక్కుతుంది. ఇంకోటి, అయిదేసి నిమిషాలకి ఎత్తి చూడడం. టైమరు లేకపోతే ఎవరైనా అదే చేస్తారు.

కాబట్టి కౌన్సిల్ తేల్చాల్సింది ట్రే: కొత్త గాజు గొట్టాలు ఆరు, నిలబెట్టే చిన్న స్టాండు, టైమరు, సిరంజిలు, గుర్తుపెట్టే పెన్ను. అనుమానమొస్తే తోడొచ్చిన ఆరోగ్యవంతుల రక్తం వాళ్లనడిగి రెండో గొట్టంలో పోసి పోల్చుకోవాలి, అందుకే గొట్టాలు జతగా. యాంటీవీనమ్ 10 వయల్స్, ఒక్కోదానికి 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటరు. పొడిని కలిపేటప్పుడు గిలక్కొట్టకూడదు, నురగొస్తుంది. అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. పది వయల్స్ ఒక్కరు కలపాలంటే చాలా సేపు, అందుకే ఇద్దరి పేర్లు ప్రతి షిఫ్టులోనూ ముందే రాసుండాలి. అడ్రినలిన్ ఆంపూల్, సిరంజి ట్రేలోనే ఉండాలి. పెద్దవాళ్లకి రియాక్షనొస్తే 0.5 మిల్లీగ్రాములు తొడ బయటివైపు కండలోకి. ఆ స్టాండింగ్ ఆర్డరు (ముందే రాసిపెట్టిన ఆదేశం) మీద సంతకం డాక్టరుగారిదే. అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) పక్కనే.

మూడు గళ్లలో ఎక్కడికక్కడ సరిపోయింది చూశారా. ట్రే నర్సులది, సామాను కొనేది మేనేజ్‌మెంటు, మోతాదు డాక్టరుది. ఆ సీనియర్ డాక్టరుగారినే ఈ అంశం రోజు ఇరవై నిమిషాలు పిలవండి. గొట్టం సంగతి నర్సులే ఎత్తితే ఆయనే మిగతా డాక్టర్లకి చెప్తారు.

ట్రే తాళం వేసి బీరువాలో పెట్టొద్దు. ప్లాస్టిక్ సీలు చాలు. సీలు నంబరు ప్రతి షిఫ్టు ఓవర్లో రాయాలి, సీలు తెగితే ఆ షిఫ్టే నింపాలి.

జవాబు: కాకినాడ ట్యూటర్

మనుషులు వెళ్లిపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. కౌన్సిల్ పెడితే గల్ఫ్ ఆగదు, ఆ ఆశ మేనేజ్‌మెంటుకి పెట్టొద్దు. జీతంలో తేడా అంత. ఆగేది మధ్యలో పోయేవాళ్లు, అంటే పక్క వీధి ఆసుపత్రికి రెండు వేలు ఎక్కువని వెళ్లేవాళ్లు. వాళ్లకి ఇక్కడ ఏదో నేర్చుకుంటున్నాం, ఏదో ఎదుగుతున్నాం అనిపించాలి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకి అయిదేళ్లలో 150 గంటల సీఎన్‌ఈ (ఉద్యోగంలో ఉంటూ కొనసాగించే నర్సింగ్ చదువు), అంటే ఏడాదికి 30. వార్డులో అరగంట క్లాసు చెప్పుకుంటే అది తనంతట తాను లెక్కకి రాదు, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు తెచ్చుకున్న కార్యక్రమమై ఉండాలి. ఆ గుర్తింపు తెచ్చే కాగితాల పని, ఎవరికి ఎన్ని గంటలయ్యాయో రిజిస్టరు రాయడం, ఈ రెండూ కౌన్సిల్లో ఒకరికి అప్పజెప్పండి. ఎవరికి ఎన్ని తక్కువున్నాయో ఏడాది చివర కాదు, ఆరో నెలలోనే చెప్పాలి.

అనుభవ సర్టిఫికెట్‌లో "స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అని ఒక్క వాక్యం రాసి పంపేస్తాం. కౌన్సిల్ సభ్యురాలు, ఫలానా కాలం, క్యాన్యులా వాపు తగ్గించే పని నడిపారు, మొదలు అంకె ఇంత, ఆఖరి అంకె ఇంత అని రాయండి. రేపు ఏ దేశం ఇంటర్వ్యూలోనైనా దాని మీదే ప్రశ్నలడుగుతారు. ఇది తెలిస్తే ఎన్నికకి పోటీ కూడా ఉంటుంది.

కౌన్సిల్ నిజంగా పనిచేస్తోందా లేదా అన్నదానికి అమెరికాలో నర్సింగ్ పరిశోధకుడు హెస్ తయారుచేసిన ఐపీఎన్‌జీ అనే ప్రశ్నావళి ఉంది, నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయో కొలిచేది. దాని మొదటి రూపంలో 86 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 86 నుంచి 430. 172 దాకా వస్తే నిర్ణయాలన్నీ పైవాళ్లవే, 173 నుంచి 344 మధ్య వస్తే పంచుకున్న అధికారం. 86 ప్రశ్నలు నైట్ దిగినవాళ్లకి ఇవ్వకండి, అన్నింటికీ 3 కొట్టి ఇచ్చేస్తారు. మొదలుపెట్టేముందు ఒకసారి, ఏడాదికి ఒకసారి.

జవాబు: నైట్ డ్యూటీ నాలుగో వార్డు

గట్టు మీద సిస్టర్ గళ్లతో ఒక్కచోట ఒప్పుకోనండి. మూడో గడిలో జీతం పేరు ఎక్కడా రాయలేదు, కానీ అందరూ అది మూడోదే అనుకుంటున్నారు. సరే, జీతం కౌన్సిల్‌ది కాదు, దానికి వేరే దారులున్నాయి. యూనియన్ భయానికి మీరు చెప్పాల్సిన జవాబూ అదే: బేరం ఇక్కడ జరగదు, పని ఎలా చేయాలన్నది ఇక్కడ తేలుతుంది. కానీ నైట్‌లో ఒక్క నర్సుకి ఎంతమంది రోగులు అన్నది జీతం విషయం కాదు, రోగి విషయం. దాన్ని కూడా "మేనేజ్‌మెంటు సంగతి" అని పక్కన పెట్టేస్తే ట్రాలీ ఎక్కడుండాలో తేల్చుకోడానికేనా మమ్మల్ని కూర్చోబెట్టింది అంటారు. అనడం న్యాయమే.

రోజూ రాత్రి 10 గంటలకి ప్రతి వార్డులో రోగులెందరు, నర్సులెందరు, రెండు అంకెలు. 30 రాత్రులు. పక్క గడిలో ఆ రాత్రి పడిపోయినవాళ్లు, టైము తప్పిన మందులు. కౌన్సిల్ రెండో గడి కింద ఆ కాగితాన్ని పంపి పది పనిదినాల్లో జవాబడగాలి. మాట పెంచక్కర్లేదు.

జవాబు: గట్టు మీద సిస్టర్

ఆయ్, ఒప్పుకుంటున్నానండి. రెండో గడిలో "సిబ్బంది సంఖ్య" అని రాసింది అందుకే, కానీ విడమర్చి చెప్పలేదు. రాత్రి 10 గంటల లెక్క బాగుంది.

ఎన్నిక గురించి ఒకటి మర్చిపోయాను. తెల్ల చీటీ ఇచ్చి పేరు రాయమనొద్దు. కేస్ షీట్లు రోజూ చదివేవాళ్లం, ఎవరి చేతిరాత ఏదో అందరికీ తెలుసు. పోటీలో ఉన్నవాళ్ల పేర్లన్నీ అచ్చు వేయించి టిక్కు పెట్టమనండి, పెన్ను కూడా పెట్టె దగ్గరే దారంతో కట్టి ఒక్కటే ఉంచండి. పెట్టె మూడు షిఫ్టులూ తిరిగేలా 48 గంటలు మెస్ దగ్గర ఉండాలి, సూపరింటెండెంట్ ఆఫీసు గుమ్మం ముందు కాదు. లెక్కపెట్టేది ల్యాబ్ నుంచో ఫార్మసీ నుంచో వచ్చిన ఇద్దరు.